సెక్స్ వర్కర్లపై డాక్యుమెంటరీలు: స్త్రీవాద విమర్శ

మన దేశంలోని సెక్స్ వర్కర్లపై వచ్చిన డాక్యుమెంటరీల గురించి స్త్రీవాదులు రెండు వర్గాలుగా వాదించుకున్నారు. ఈ వృత్తే హింస, ఆడవాళ్ళను అందులోంచి బయటికి తేవాలన్నది ఒక వాదం. అందులో ఉన్నవాళ్ళకు కార్మికులుగా హక్కులు దక్కాలన్నది రెండోది.

జర్నలిస్టు రుచిరా గుప్తా పరిశోధనతో వచ్చిన ‘ద సెల్లింగ్ ఆఫ్ ఇన్నోసెంట్స్’ (1996) మొదటి వాదానికి బలమిచ్చింది. నేపాల్ పల్లెల నుంచి ముంబైకి అమ్ముడుపోయిన ఆడపిల్లల గోడు అది. ఎమ్మీ అవార్డు కూడా అందుకుంది. అదే ఏడాది హైదరాబాద్ పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించారు. వీధిన పడ్డ ఆడవాళ్ళ పిల్లల కోసం సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ అక్కడే ఖాళీ అయిన ఒక వేశ్యాగృహంలో బడి పెట్టారు. ప్రజ్వల సంస్థ అలా పుట్టింది. అక్రమ రవాణాపై రాజేశ్ టచ్‌రివర్ తీసిన ‘అనామిక’ కూడా ప్రజ్వల చేయించిందే.

రెండో వాదం నుంచి షోహినీ ఘోష్ ‘టేల్స్ ఆఫ్ ద నైట్ ఫెయిరీస్’ (2002) తీశారు. కోల్‌కతాలోని సోనాగాచి వేశ్యావాటికలో సెక్స్ వర్కర్ల సంఘమైన దర్బార్ మహిళా సమన్వయ కమిటీకి చెందిన నలుగురు ఆడవాళ్ళు, ఒక మగవాడు అందులో తమ బతుకు గురించి తామే చెబుతారు.

అదే సోనాగాచిపై జానా బ్రిస్కీ, రాస్ కాఫ్‌మన్ తీసిన ‘బార్న్ ఇంటు బ్రాథెల్స్’ (2004) ఆస్కార్ గెలిచింది. బ్రిస్కీ అక్కడి సెక్స్ వర్కర్ల పిల్లల చేతికి కెమెరాలిస్తుంది. వాళ్ళకు బడిలో సీట్ల కోసం, హెచ్ఐవీ పరీక్షల కోసం, ఒక కుర్రాడి పాస్‌పోర్టు కోసం కాళ్ళరిగేలా తిరుగుతుంది. ఆమె తపనను శంకించనక్కర్లేదు. కానీ తల్లులు మాత్రం ఎక్కువగా తిట్టుకుంటూ, పిల్లల దారికి అడ్డుపడేవాళ్ళుగానే కనిపిస్తారు. సోనాగాచి సెక్స్ వర్కర్లే 1995 నుంచి ఉషా సహకార సంఘం పెట్టి సొంతంగా పొదుపు, అప్పులు నడుపుకుంటున్న సంగతి తెరమీదికి రాదు. తల్లులను ఇలా చూపడంపై దర్బార్ చెప్పిన అభ్యంతరం న్యాయమైనదే. పిల్లల మీద జాలి పుట్టించడానికి తల్లుల నోరు నొక్కిన సినిమాను స్త్రీవాద చిత్రం అనలేం.

2010లో దేవదాసీలపై వైస్ సంస్థ విడుదల చేసిన ‘ప్రాస్టిట్యూట్స్ ఆఫ్ గాడ్’ను చూసి, సాంగ్లీకి చెందిన వ్యాంప్ అనే సెక్స్ వర్కర్ల సంఘం మహిళలు ఊరుకోలేదు. తామే కెమెరా ముందుకొచ్చి జవాబు వీడియో చేశారు.

మీడియాలో సెక్స్ వర్కర్లను చూపే తీరుపై కోర్టు కూడా మాట్లాడింది. పోలీసు దాడులు, అరెస్టులు, విముక్తి చర్యల సమయంలో సెక్స్ వర్కర్ల ముఖాలు, వివరాలు బయటపెట్టకుండా మీడియా జాగ్రత్తపడాలని, అందుకు ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు ఇవ్వాలని 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.