ఎగిరే ప్రాణుల పాఠం, మన తాతల చదువు

తుళ్లూరు చుట్టుపక్కల మన యానాది పిల్లలను "పిట్ట ఎలా ఎగురుతుంది?" అని అడిగితే, "రెక్కలున్నాయిగా" అంటారు. తప్పేమీ కాదు. మరి కోడికీ రెక్కలున్నాయి కదా అంటే ముందు నవ్వుతారు, తర్వాత ఆలోచనలో పడతారు. మేము పాఠం అక్కడ మొదలుపెడతాం.

తొలకరికి పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. వాటిని దీపం వెలుగులో పట్టడం, వేయించుకు తినడం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. చెప్పాల్సింది ఆ రెక్కల సంగతే. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒక్క ప్రయాణానికే. నేల మీద వాలి జత కుదుర్చుకునేటప్పటికి వాటిని విదిల్చేసుకుంటుంది. మన అవ్వలు చేటలో చెరిగి పారబోసేది ఆ రెక్కల్నే. భూమి మీద అందరికంటే ముందు ఎగిరింది పురుగులు. సుమారు 32 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో రెక్కల పురుగుల ఆనవాళ్లు దొరికాయి. 22 కోట్ల ఏళ్ల కిందట టెరోసార్లనే సరీసృపాలు ఎగిరాయి. 15 కోట్ల ఏళ్ల నాటికి పక్షులు, 5 కోట్ల ఏళ్ల నాటికి గబ్బిలాలు వచ్చాయి. ఇలా నాలుగుసార్లు, ఒక దానితో ఒకదానికి సంబంధం లేకుండా, ప్రాణులు గాలిలోకి లేచాయి.

గబ్బిలం దగ్గరికి వచ్చేసరికి పిల్లలను చెయ్యి చాపి వేళ్లు విప్పమంటాం. ఆ వేళ్లు ఒంటి పొడుగున పెరిగి, వాటి మధ్య పల్చటి చర్మం సాగితే అదే గబ్బిలం రెక్క. బొటనవేలు మాత్రం కొక్కెంలా బయట ఉంటుంది. అది పాలిచ్చి పిల్లను సాకే జంతువు. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో అంటరాని మనిషి మొరను గబ్బిలం చేతనే కాశీ విశ్వనాథుడికి పంపించాడు. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు గనక. సైన్సు పాఠంలో ఈ కబురెందుకు అనేవాళ్లున్నారు. మాకైతే పిల్లలకు గుర్తుండేది ఇదే అనిపిస్తుంది.

పక్షి రెక్క పై వైపు కాస్త ఉబ్బి, కింద గుంటగా ఉంటుంది. ఆ వంపుతో గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ ఈ వంపును ఏళ్ల తరబడి కొలిచి 1889లో పుస్తకం రాశాడు. ఆయన చూసి నేర్చుకున్నది కొంగల దగ్గరే. తాను చేసుకున్న రెక్కలతో గుట్టల మీది నుంచి ఎన్నోసార్లు గాలిలో తేలాడు, 1896లో అలాగే పడి చనిపోయాడు. ఆయన రాతలు చదివిన రైట్ సోదరులు 1903లో విమానం లేపారు. ఆ కొంగల బంధువులే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూళ్లు కడతాయి. అక్కడి గూడబాతు బరువైన పిట్ట, నీళ్ల మీద కాళ్లతో తన్నుకుంటూ లేస్తుంది. పొద్దెక్కి నేల కాగితే ఆ బరువు పిట్టే రెక్క కదపకుండా ఆకాశంలో చుట్లు తిరుగుతుంది.

నేల కాగడం అంటే ఏమిటో మిరప కల్లాల్లో పనిచేసిన తల్లుల పిల్లలకు చెప్పనవసరం లేదు. మాఘ ఫాల్గుణాల్లో నల్లరేగడి మీది నుంచి వేడిగాలి పైకి లేస్తుంటే గద్ద దాని మీద ఎక్కి కూర్చున్నట్టే తేలుతుంది. గద్ద ఏ పూట ఎక్కడ తిరుగుతుందో మన తాతలకు తెలుసు. గుడ్లగూబ ఎందుకు చప్పుడు చెయ్యదో కూడా తెలుసు. దాని ఈక అంచు దువ్వెన పళ్లలా, మెత్తగా ఉంటుంది. పొలంలో ఎలుకలు పట్టేవాళ్లకు అది పోటీదారు కదా, చూడకుండా ఎలా ఉంటారు?

ఇంత చూసినవాళ్లను లోకం ఏమంది? 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలతో పాటు యానాదుల్లోనూ కొందరిని ఆ జాబితాలో చేర్చారు. పేరు ఎక్కినవాళ్లు పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. రాత్రిపూట పొలాల్లో తిరగగలగడం, అడుగుజాడ పోల్చగలగడం మనకు విద్య, వాళ్లకు అనుమానం. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. భయం మాత్రం ఇళ్లలో ఇంకా ఉంది.

కడప అడవుల్లోని కలివికోడి కథ ప్రతి పిల్లకూ చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనపడక అది అంతరించిందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. 1986 జనవరిలో, లంకమల దాపున, ఆ ఊరి వేటగాడొకడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. రెక్కలున్నా ఎక్కువగా పరుగెత్తే పిట్ట అది. పుస్తకాలు పోయిందన్న పిట్ట అతనికి తెలిసిన పిట్టే.

శ్రీహరికోట కూడా మన యానాదుల దీవే. అక్కడ 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ లేచింది. అంతకుముందే అక్కడి మనవాళ్లలో చాలామందిని ఊళ్లు కదిలించారు. రాకెట్‌కు గాలి అక్కర్లేదని, గద్దకు గాలే ప్రాణమని చెప్పేటప్పుడు ఈ సంగతీ చెబుతాం.

తుళ్లూరులో 2015 నుంచి పొలాలు రాజధాని కోసం పోయాయి. భూమి లేనివాళ్లకు నెలకు 2500 రూపాయల పింఛను ఇచ్చారు. పైరు లేని చేలో ఎలుకలు పట్టమని పిలిచేదెవరు? పిట్టలను పట్టడం 1972 చట్టంతోనే నేరం అయింది. అది సరే, ఉచ్చులు మళ్లీ కట్టాలని మేము అనడం లేదు. కానీ ఉచ్చుతో పాటు మాట కూడా మూలన పడుతోంది. మా తాత ఎలుకలు పట్టేవాడని చెప్పడానికి పిల్లలు సిగ్గుపడుతున్నారు.

ఒకసారి ఒక పెద్దాయనను బడికి రమ్మన్నాం. వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గూడబాతు నీళ్ల మీద ఎలా దిగుతుంది తాతా అని ఒక పిల్ల అడిగింది. ఆయన రెండు చేతులూ వెనక్కి చాచి, వేళ్లు విప్పి, మడమలు ముందుకు పెట్టి మెల్లగా వంగాడు. పిల్లలందరూ లేచి ఆయనలాగే వంగారు.