లాక్టోజ్ అసహనం

పాలలోని సహజ చక్కెర అయిన లాక్టోజ్‌ను జీర్ణం చేసుకోలేని స్థితి. చిన్నపేగులో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైమ్ ఈ చక్కెరను గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా విడగొడుతుంది. తల్లిపాలు మానే వయసు దాటాక ప్రపంచంలో ఎక్కువమందికి ఈ ఎంజైమ్ తగ్గిపోతుంది. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియా వల్ల పులిసి కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలు తెస్తుంది. పెద్దయ్యాక కూడా లాక్టేజ్‌ను నిలిపి ఉంచే జన్యుమార్పును 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు గుర్తించారు. మన దేశంలో అది వాయవ్యాన ఎక్కువ, దక్షిణాన తక్కువ. కాబట్టి తెలుగు ఇళ్లలో పాలు పడనివారిని తిండికి వంకలు పెట్టేవారిగా చూడటం అన్యాయం.

పాలు పడకపోయినా పెరుగు చాలామందికి పడుతుంది. తోడులోని బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే వాడేసుకుంటుంది. పలుచని మజ్జిగ ఇంకా తేలిక. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. ఎంతవరకు పడుతుందో చూసుకుంటే పెరుగన్నం మానాల్సిన పని లేదు. రాగులు, నువ్వులు, ముళ్లతో సహా తినే చిన్నచేపలు కాల్షియం అందిస్తాయి.

పాల అలర్జీ వేరు. కేసిన్ వంటి పాల ప్రొటీన్లపై రోగనిరోధక వ్యవస్థ చూపే ప్రతిచర్య అది, పసిపిల్లల్లో ఎక్కువ. దద్దుర్లు, వాంతులు, ఒక్కోసారి ప్రాణాపాయం. "ఒక్క చెంచాతో ఏమవుతుంది" అని ఇంట్లో ఎవరన్నా ఇక్కడ వినకూడదు. పెరుగు, నెయ్యి, కోవా, పాలపొడి కలిసిన బిస్కెట్లే కాదు, లాక్టోజ్ తీసేసిన పాలు కూడా ప్రమాదమే. వడ్డించే గరిటె కూడా వేరుగా ఉండాలి. ఆవుపాలు పడని బిడ్డకు గేదెపాలు, మేకపాలు పట్టడం పరిష్కారం కాదు. వాటి ప్రొటీన్లూ దాదాపు అలాంటివే.