గడువున్న పత్రం, గడువులేని పట్టా: సాంకేతిక సర్టిఫికేషన్లపై ఒక పరిశీలన

సాంకేతిక విద్య గురించిన చర్చల్లో డిగ్రీనీ సర్టిఫికేషన్‌నీ పక్కపక్కన పెట్టి ఏది మేలని అడగడం పరిపాటి. ఎన్నేళ్లు చదివారు, ఎంత ఖర్చయింది, ఎంత జీతం వచ్చింది అన్నవే అక్కడ కొలతలు. అసలు తేడా వేరేచోట ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ పత్రం ఎంతకాలం చెల్లుతుంది, దాన్ని చెల్లకుండా చేసే అధికారం ఎవరిది అన్నవి ముందుగా అడగవలసిన ప్రశ్నలు.

అభ్యర్థి సామర్థ్యం యజమానికి ముందే కనబడదు కాబట్టి చదువు దానికి సంకేతంగా పనిచేస్తుందని మైఖేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించాడు. అయితే సామర్థ్యం తక్కువగా ఉన్నవారికి ఆ సంకేతాన్ని సంపాదించడం ఎక్కువ భారం కావాలి. లేకపోతే అది ఎవరినీ వేరుచేసి చూపలేదు. ఈ షరతుతో చూస్తే సర్టిఫికేషన్లన్నిటినీ ఒకే గాటన కట్టలేం. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్ష ప్రశ్నలు ‘డంప్స్’ పేరుతో బయటికి వచ్చాక, పని తెలిసినవాడికీ బట్టీ పట్టినవాడికీ ఒకే పత్రం దక్కుతుంది. సిస్కో 1993లో ప్రారంభించిన నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ సీసీఐఈ అలాంటిది కాదు. అందులో ఎనిమిది గంటల ల్యాబ్ పరీక్ష ఉంటుంది. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఈ కూడా అభ్యర్థిని సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, పని చేసి చూపమంటుంది. రికార్డు చూసి మార్కులు వేసే కాలేజీ ప్రాక్టికల్స్ కన్నా ఇవి నైపుణ్యాన్ని నిజాయితీగా కొలుస్తాయని నా అభిప్రాయం.

చెల్లుబాటు విషయానికి వస్తే మైక్రోసాఫ్ట్ సర్టిఫికేషన్ ఎంసీఎస్‌ఈ చరిత్ర చాలా చెబుతుంది. విండోస్ ఎన్‌టీ 4.0 మీద ఆ అర్హత పొందినవారు 2001 ముగిసేలోగా విండోస్ 2000 పరీక్షలు రాయకపోతే అర్హత పోతుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. గడువుకు కొద్ది నెలల ముందు ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. రెండు నిర్ణయాలూ కంపెనీవే. చివరికి 2021 జనవరిలో ఎంసీఎస్‌ఈ మార్గాన్నే మూసేసింది. అదే ఏడాది తన కొత్త సర్టిఫికేషన్లు చాలావాటికి గడువును ఒక ఏడాదికి కుదించింది, పునరుద్ధరణను మాత్రం ఉచితం చేసింది. సిస్కో వారి సీసీఎన్‌ఏ మూడేళ్లే చెల్లుతుంది. నోవెల్ కంపెనీ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్ వెనకబడిపోయాక, దానిపై ఆ కంపెనీ ఇచ్చిన సీఎన్‌ఈ సర్టిఫికేషన్‌కు ఉద్యోగ విపణిలో అడిగేవారే కరువయ్యారు.

గడువు ఉండటం తప్పు కాదు. పత్రం ఉన్న వ్యక్తికి నేటి సాంకేతికత తెలుసన్న భరోసా దానివల్లే వస్తుంది. పాతికేళ్లనాటి బీటెక్ పట్టా అలాంటి హామీ ఇవ్వదు. కానీ ఉత్పత్తిని అమ్మేవాడే పరీక్ష పెట్టి, గడువు నిర్ణయించి, ఆ ఉత్పత్తి మారినప్పుడల్లా మళ్లీ చదవమన్నప్పుడు, ఆ భారం సాధారణంగా ఉద్యోగి మీదే పడుతుంది. పరీక్ష ఫీజు, రాత్రుళ్లు కూర్చుని చదివే సమయం అతనివే. సిలబస్ మారిందని విశ్వవిద్యాలయం పాత పట్టాను రద్దు చేయదు.

పట్టాకు వెనక చట్టం కూడా ఉంది. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ డిగ్రీ ఇచ్చే హక్కును విశ్వవిద్యాలయాలకూ, చట్టం గుర్తించిన సంస్థలకూ పరిమితం చేసింది. తెలుగువారికి డిగ్రీకీ సర్టిఫికేషన్‌కీ మధ్య ఉన్న ఈ తేడా బాగా తగిలేది అమెరికా హెచ్-1బీ వీసా దగ్గర. ఆ వీసాకు సంబంధిత రంగంలో అమెరికా బ్యాచిలర్ డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ కావాలి. తక్కువైన ఒక్కో ఏడాది చదువుకు మూడేళ్ల ప్రత్యేక శిక్షణ లేదా పని అనుభవాన్ని లెక్కగడతారు. మూడేళ్ల బీఎస్సీ చేసి, హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుని ఉద్యోగంలో నిలదొక్కుకున్న యువకుడికి కూడా లెక్క మొదలయ్యేది డిగ్రీ నుంచే.

డిగ్రీకీ కంపెనీ సర్టిఫికేషన్‌కీ నడుమ ఒక దారి మన దేశంలోనే ఉండేది. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నిర్వహించే ఏఎంఐఈలో, డిప్లొమా చదివినవారు ఉద్యోగం చేసుకుంటూనే సెక్షన్ ఏ, సెక్షన్ బీ పరీక్షలు రాసేవారు. తరగతి గదితో పనిలేదు, ఏ కంపెనీ ఉత్పత్తితోనూ ముడిపడలేదు, గడువూ లేదు. ప్రభుత్వం దాన్ని ఇంజనీరింగ్ డిగ్రీకి సమానంగా గుర్తించింది. ఆ గుర్తింపును 2013 మే 31 వరకు నమోదైనవారికే పరిమితం చేయడం వల్ల, కాలేజీకి వెళ్లలేని డిప్లొమా ఉద్యోగికి కంపెనీల సర్టిఫికేషన్ల మీద ఆధారపడక తప్పని పరిస్థితి పెరిగింది. ల్యాబ్ పరీక్షను జోడించి ఆ గుర్తింపును పునరుద్ధరించే అవకాశాన్ని విధానకర్తలు పరిశీలించాలి.