ఫంక్షన్‌కు విలువలు ముందే బిగించిన కథ

పైథాన్ క్లాసులో ఫంక్‌టూల్స్ మాడ్యూల్ దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఫంక్షన్‌కు కొన్ని విలువలను ముందే బిగించే పార్షియల్ ఎలా పుట్టిందో చెప్పాకే కోడ్‌లోకి వెళ్తాను. ఆ కథ తెలిస్తేనే దాని అవసరం అర్థమవుతుంది.

ఈ ఆలోచన కంప్యూటర్ల కన్నా పాతది. తర్కశాస్త్రవేత్త మోజెస్ షోన్‌ఫింకెల్ 1920లో గోటింగెన్‌లో చేసిన ప్రసంగం 1924లో అచ్చయింది. రెండు విలువలు కావలసిన ఫంక్షన్‌కు ఒకటే ఇస్తే, రెండోదాని కోసం కాచుకునే కొత్త ఫంక్షన్ వస్తుందని అందులో చూపించారు. హాస్కెల్ కరీ ఆ దారిని విస్తరించారు.

1994 నాటి పైథాన్ 1.0లోనే లాంబ్డా, అంటే పేరులేని చిన్న ఫంక్షన్, ఉంది. అయితే బయటి ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్ లోపలి ఫంక్షన్‌కు కనపడేవి కావు. అందుకని ‘లాంబ్డా ఎక్స్, ఎన్=ఎన్’ అని రాసి, విలువను డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌లో దాచేవారు. 2001 చివర్లో వచ్చిన 2.2తో ఆ అడ్డు పూర్తిగా తొలగింది.

చిక్కు మాత్రం తీరలేదు. విండోలు, బటన్లు చేసే టికింటర్‌లో కాలిక్యులేటర్ కడుతూ, 0 నుంచి 9 దాకా బటన్లను లూప్‌లో పెట్టి ఒక్కోదానికి లాంబ్డా ఇవ్వండి. ఏది నొక్కినా 9 పడుతుంది. లాంబ్డా పట్టుకునేది వేరియబుల్‌ను, అప్పటి విలువను కాదు. బటన్ నొక్కే వేళకు ఆ వేరియబుల్‌లో మిగిలింది 9.

2003 ఫిబ్రవరిలో పీటర్ హారిస్ దీనికి పరిష్కారంగా పార్షియల్‌ను ప్రతిపాదిస్తూ పెప్ 309 అనే పత్రం రాశారు. 2006 సెప్టెంబరులో పైథాన్ 2.5తో పాటు పార్షియల్ వచ్చింది. ఆ బటన్లకు పార్షియల్ ఇస్తే, ఏ అంకెతో తయారుచేశామో ఆ అంకే బిగిసిపోతుంది. పైగా లోపల ఏముందో చూసుకోవచ్చు: ‘ఫంక్’లో అసలు ఫంక్షన్, ‘ఆర్గ్స్’లో వరుసలో ఇచ్చినవి, ‘కీవర్డ్స్’లో పేరుతో ఇచ్చినవి. బగ్ వెతికేవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు.

ఒక లోటు చాలాకాలం ఉండిపోయింది. వరుసలో ఇచ్చే విలువలు ఎడమ నుంచే నిండేవి. మ్యాథ్ మాడ్యూల్‌లోని ‘పౌ’ ఆర్గ్యుమెంట్లను పేరుతో తీసుకోదు కాబట్టి, ఘాతాన్ని 2గా బిగించి వర్గం కట్టడం పార్షియల్‌కు కుదరలేదు. 2025 అక్టోబరులో వచ్చిన 3.14 ఎడమవైపు చోటును ఖాళీగా వదలనిచ్చే ‘ప్లేస్‌హోల్డర్’ ఇచ్చి ఆ లోటూ తీర్చింది.

విలువలు బిగించడమే పనైతే పార్షియల్ రాయండి. లాంబ్డాను లెక్క అప్పటికప్పుడు జరగాల్సిన చోటికి అట్టిపెట్టండి. మీ కోడ్‌ను రేపు చదివేవాళ్లకు మీ ఉద్దేశం ఆ ఒక్క మాటతోనే తెలిసిపోతుంది.