లక్ష కోట్ల వీరుడు

బిరుదులివ్వడంలో తెలుగువాళ్ళను మించినవాళ్ళు లేరని నా గట్టి నమ్మకం. తిక్కనగారు కవిబ్రహ్మ. శ్రీనాథుడు కవిసార్వభౌముడు. మాకు దగ్గర్లోనే ఉన్న అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన ప్రబంధ పరమేశ్వరుడు. రాజులు మాత్రం తక్కువ తిన్నారా? కృష్ణదేవరాయలవారు మూరురాయరగండ. శాసనం చదవబోతే, అసలు సంగతి వచ్చేలోపల బిరుదులే బారెడు ఉంటాయి.

ఇవన్నీ పెద్ద బిరుదులు. ఇవికాక చిన్న బిరుదులని ఇంకో జాతి ఉంది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఇచ్చేవి. పందెం కట్టి గారెలు తిన్నవాడికి ఒకటి, రైలు వెళ్ళిపోయాక స్టేషనుకు చేరేవాడికి ఒకటి. వీటికి శాలువలుండవు, సభలుండవు. అయినా ఒకసారి అంటుకున్నాయంటే మనవల కాలం దాకా వదలవు. ఈ చిన్న బిరుదుల చరిత్ర కాస్త చెప్పుకుందామని కూర్చున్నాను. ఈ పురుగు నా బుర్రలో పెట్టినవాడు మా మేనల్లుడు.

వాడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు దొనకొండ వచ్చి, మధ్యాహ్నమంతా తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటాడు. చదువుకుంటున్నాడు కాబోలని నేను కాఫీలందిస్తూ వచ్చాను. తీరా చూస్తే బాస్కెట్‌బాలు లీగు నడుపుతున్నాడు! ముప్ఫై జట్లు, నాలుగొందల పైచిలుకు ఆటగాళ్ళు. వీళ్ళలో ఒక్కడూ భూమ్మీద పుట్టలేదు. ఒక్కొక్కడికి ఇంత ఎత్తు, ఇంత పరుగు, ఇంత గురి అని అంకెలుంటాయి. ఆ అంకెల్ని బట్టి కంప్యూటరు లోలోపల చీట్లు తీసినట్టు తీసి, బంతి బుట్టలో పడిందో లేదో చెబుతుంది. నేను పప్పు కుక్కరు దించి వచ్చేసరికి ఒక ఏడాది ఆట మొత్తం అయిపోయి ఉంటుంది.

“మరి ఎవరూ ఆడకపోతే ఇందులో చూసేదేందిరా?” అన్నాను.

“అంకెలు చూడటమే అత్తా. ఏడాది చివర బహుమతులు కూడా ఇస్తాను,” అన్నాడు వాడు.

ఆ బహుమతుల పట్టిక చూశాక నా కోపం పోయింది. ఎక్కువ పాయింట్లు కొట్టినవాడికి బహుమతి ఎవరైనా ఇస్తారు. వాడిచ్చేవి వేరు. తను బుట్టలో వెయ్యకుండా పక్కవాడికి బంతి అందించి, వాడిచేత వేయించినవాళ్ళలో మొదటివాడికి ఒకటి. ఏడాదంతా ఒక్క దెబ్బలాట లేకుండా, ఒక్క తప్పు లేకుండా ఆడి, అన్నింట్లోనూ ఓడిపోయిన జట్టువాడికి ఒకటి. పేర్లు వాడు ఇంగ్లీషులో పెట్టుకుంటే నేను తెలుగు చేసిచ్చాను. మొదటివాడు వడ్డన శిఖామణి. రెండోవాడు ధర్మరాజు.

మూడోది నేను పెట్టింది కాదు, అమెరికాలో బాస్కెట్‌బాలు వాళ్ళు నిజంగానే వాడుకునే మాట. ఆట ముగిశాక ఒక్కొక్క ఆటగాడి పేరుకు ఎదురుగా ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎన్ని పాయింట్లు, ఎన్ని పాసులు అని గళ్ళలో అంకెలు వేస్తారు. ఒకడు చివర్లో ఒక్క నిమిషం దిగి, బంతి ముట్టకుండా వచ్చేశాడనుకోండి. వాడి వరసలో ఒకటి, దాని పక్కన అన్నీ సున్నాలే. పన్నెండు సున్నాలు వరసగా పెడితే ఎంత? లక్ష కోట్లు! దాన్ని వాళ్ళు ‘ట్రిలియన్’ అంటారు. ఏమీ చెయ్యనివాడు క్షణంలో లక్ష కోట్ల వీరుడైపోయాడు.

లేని ఆటగాళ్ళతో ఆట ఆడటం కంప్యూటర్లతో పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో హాల్ రిచ్‌మన్ అనే ఆయన 1961లో స్ట్రాట్-ఓ-మాటిక్ అనే బేస్‌బాలు ఆటను అమ్మకానికి పెట్టాడు. ఆటగాడికో కార్డు, పాచికలు వేస్తే దెబ్బ తగిలిందీ లేనిదీ తెలుస్తుంది. అంతకు ఎంతో ముందే జాక్ కెరువాక్ అనే రచయిత చిన్నతనంలో సొంతంగా ఒక లీగు అల్లుకున్నాడు. జట్లకు మోటారు కార్ల పేర్లు పెట్టి, లెక్కలు కట్టి, ఆ ఆటల మీద తనే పత్రిక రాసుకునేవాడు. పెద్దవాడై నవలలతో పేరు తెచ్చుకున్నాక కూడా మానలేదట. నవలలు రాసేదాన్ని గనక ఆయన్ని నేను అర్థం చేసుకోగలను. లేని మనుషులకు పేర్లు పెట్టి, వాళ్ళ కష్టసుఖాలు చూసుకోవడం ఒకసారి అలవాటైతే పోదు.

అంతదూరం ఎందుకు? మన తెలుగు పిల్లల్లో బుక్ క్రికెట్ ఆడనివాళ్ళెవరు? పుస్తకం టక్కున తెరవాలి. సరిసంఖ్య పేజీలో చివరి అంకె ఎంతో అన్ని పరుగులు. రెండయితే రెండు, నాలుగయితే నాలుగు, ఆరయితే సిక్సరు. ఎనిమిది వస్తే మా ఇంట్లో ఒకటి కింద లెక్క. సున్నా వస్తే అవుటు. మేస్టారు పాఠం చెబుతుండగానే ఇండియా, వెస్టిండీసు జట్లు బల్లకింద ఆడుకుంటూ ఉండేవి.

నా చిన్నప్పుడు దొనకొండకు మీటర్‌గేజి రైళ్ళుండేవి. వేసవిలో మా పెద్దమ్మ కొడుకులు వచ్చి, పాత రైల్వే టైంటేబులు పుస్తకంతో క్రికెట్టు ఆడేవాళ్ళు. స్కోరు రాయడానికి పలక. మార్కాపురం పలకలు దేశమంతా బళ్ళకు వెళ్ళేవి, మాకేం కరువు? బ్యాటింగు మగపిల్లలది. ఆడపిల్లను గనక నాకు లెక్కలు రాసే పని ఇచ్చారు. చిన్నచూపుతోనే ఇచ్చారు గాని, ఆ పలక పట్టుకోబట్టే ఒక రహస్యం నా కంటబడింది. సరిగ్గా తెరుచుకునే పుస్తకమైతే అయిదింట ఒకసారి సున్నా రావాలి. ఆ లెక్కన ఒక్కొక్క వీరుడు సగటున పదమూడు పరుగులకు మించి కొట్టకూడదు. మా పెద్దన్నయ్య వీరుడు మాత్రం సిక్సర్ల మీద సిక్సర్లు! కారణమేమంటే, ఇంట్లో అందరూ గుంటూరు-గుంతకల్లు లైను పేజీనే చూసి చూసి, పుస్తకం పడేస్తే చాలు అక్కడే తెరుచుకునేది. ఆ పేజీ నంబరు ఆరుతో ముగుస్తుంది! అన్నయ్య పుస్తకాన్ని నెమ్మదిగా, ప్రేమగా తెరిచేవాడు. వాడికి నేను పలక మీద ఇచ్చిన బిరుదు ‘రైల్వే మంత్రి’. ఆట కాగానే తడిగుడ్డతో పలక తుడిచేసేవాళ్ళు గాని, బిరుదు చెరగలేదు. వాడి పెళ్ళిలో కూడా వినబడింది.

అంకెల మీద వేళాకోళం బిరుదులు గొప్ప గొప్ప విద్యాలయాల్లోనూ ఉండేవి. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితం పరీక్ష ఫలితాలు వరసక్రమంలో చదివేవారు. మొదటివాడు సీనియర్ రాంగ్లరు. దేశమంతా వాడి పేరే. ఆనర్సు జాబితాలో చిట్టచివరివాడికి తోటి విద్యార్థులు పెద్ద కొయ్య గరిటె బహూకరించేవారు. పట్టా కోసం పెద్దల ముందు మోకరిల్లినప్పుడు పై వసారాలోంచి తాడు కట్టి దించేవారు. చివరి గరిటె 1909లో ఇచ్చారు. దాన్ని అందుకున్న హోల్ట్‌హౌస్ పడవ పందేల మనిషి గనక దాని కాడ పడవ తెడ్డుతో చేయించారు. మన భాషలో వంటింటిదీ తెడ్డే, పడవదీ తెడ్డే కదా! ఆ మరుసటి ఏడాది నుంచి వరసక్రమం చదవడం మానేశారు, దాంతో గరిటె కూడా పోయింది.

ఇదే జాబితాలో ఇంకో కథ ఉంది. 1890లో ఫిలిప్పా ఫాసెట్ అనే అమ్మాయి ఆ పరీక్ష రాసింది. ఆడవాళ్ళు పరీక్ష రాయవచ్చు గాని, మగవాళ్ళ వరసలో స్థానం లేదు. వాళ్ళ ఫలితం విడిగా చదివేవారు. ఈమె పేరు వచ్చేసరికి చదివే ఆయన “సీనియర్ రాంగ్లరుకు పైన” అన్నాడు. అంటే మొదటివాడికి మించిన మార్కులన్నమాట. అయినా మొదటివాడు మొదటివాడే. ఆడవాళ్ళకు కేంబ్రిడ్జి పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో. చూశారా, చివరి మగవాడికి గరిటె అయినా దక్కింది. అందరికన్నా పైనున్న ఆడపిల్లకు ఆ జాబితాలో నిలబడే చోటే లేకపోయింది.

మళ్ళీ బాస్కెట్‌బాలుకు వస్తాను. ఈ ఆటను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మేస్టారు కల్పించాడు. మంచు కురిసే చలికాలంలో కుర్రాళ్ళ అల్లరి ఆపడానికి రెండు పీచ్‌పళ్ళ బుట్టలు పదడుగుల ఎత్తున మేకులు కొట్టి తగిలించాడు. బంతి పడితే నిచ్చెనెక్కి తియ్యాలి. మొదటి ఆటలో అంతసేపూ గెంతి, మొత్తం మీద బుట్టలో పడింది ఒక్కసారి. లెక్క రాసేవాడికి ఎంత సుఖం!

మరుసటి ఏడాదే ఆ దగ్గరి స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ దాన్ని ఆడపిల్లలకు నేర్పింది. ఆడపిల్లలు అలసిపోతారని లోకం గోల పెడుతుందని మైదానాన్ని మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళే ఆడాలంది. ఎదుటివాళ్ళ చేతిలో బంతి లాక్కోకూడదంది. 1893లో జరిగిన ఆటకు మగవాళ్ళను లోపలికే రానివ్వలేదు.

ఆట పెరిగేకొద్దీ అంకెలూ పెరిగాయి. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లెయిన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు కొట్టి, ఆ అంకె వేసిన కాగితం పట్టుకుని ఫొటో దిగాడు. అదే కాలంలో బిల్ రసెల్ అనే మరో ఆటగాడున్నాడు. ఎదుటివాడు విసిరిన బంతిని గాలిలోనే అడ్డుకోవడంలో దిట్ట. పదమూడేళ్ళు ఆడితే పదకొండుసార్లు ఆయన జట్టే గెలిచింది. మరి అలా ఎన్ని బంతులు అడ్డుకున్నాడు? లెక్క లేదు! వాళ్ళ పెద్ద లీగులో అడ్డుకున్న బంతులు, లాక్కున్న బంతులు లెక్కవేయడం 1973-74లో గాని మొదలుపెట్టలేదు. అప్పటికి రసెల్ ఆట మానేసి నాలుగేళ్ళు దాటింది. బుట్టలో వేసింది రాసుకున్నారు. పడకుండా ఆపింది రాసుకోలేదు.

ఇక్కడే నాకు చిన్న బిరుదుల విలువ తెలిసింది. పెద్ద బహుమతి నిండుగా ఉన్న గడినే చూస్తుంది. వేళాకోళం బహుమతి ఇచ్చేవాడు పట్టిక మూలమూలలా వెతుకుతాడు. ఎవరికీ పట్టని అంకె ఒకటి వాడి కంటబడుతుంది. ఒక్కోసారి ఆ చూపే పెద్దరికం తెచ్చుకుంటుంది. ఆ లీగులోనే 1982-83 నుంచి ‘ఆరో మనిషి’ బహుమతి ఇస్తున్నారు. ఆట మొదలయ్యేది అయిదుగురితో. బల్ల మీద కూర్చుని, పిలిచినప్పుడు లేచి వచ్చి జట్టును నిలబెట్టేవాడు ఆరోవాడు. మొదటిసారి బాబీ జోన్స్ అందుకున్నాడు.

ఊళ్ళకు ఇస్తే ఆ బహుమతి మా దొనకొండదే. రెండో ప్రపంచయుద్ధం కాలంలో ఇక్కడ విమానాల దిగుడు బాట వేశారు, యుద్ధం వేరేచోట జరిగింది. 2014లో రాష్ట్రం విడిపోయి, కొత్త రాజధాని ఎక్కడని చర్చ వచ్చినప్పుడు మా ఊరి పేరు గట్టిగానే వినబడింది, అమరావతి రాజధాని అయింది. పిలిస్తే లేచి వెళ్ళడానికి సిద్ధంగా బల్ల మీద కూర్చునే ఉంది మా ఊరు.

ఇక ఇళ్ళకు ఇస్తే? చెప్పక్కర్లేదు. అందరికీ అందించి తాను చివర కూర్చునే వడ్డన శిఖామణి ఎవరో, పాలు పొంగకుండా, పిల్లవాడు మెట్ల మీంచి పడకుండా, ఇంట్లో మాటకు మాట పెరగకుండా గాలిలోనే అడ్డుకునేది ఎవరో ఈ పేజీ చదివేవాళ్ళకు నేను చెప్పాలా? పడకుండా ఆపినదానికి మన ఇళ్ళలోనూ గడి లేదు.

గడి గియ్యడం ఈమధ్య మొదలైంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు మొట్టమొదటిసారి దేశమంతటా ఎవరి పొద్దు ఎలా గడుస్తోందో అడిగి రాసుకున్నారు. డబ్బు ముట్టని ఇంటిపనిలో చెయ్యిపెట్టే ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మంది. చెయ్యిపెట్టిన ఆడవాళ్ళకు రోజుకు సగటున 299 నిమిషాలు పడుతుంటే, మగవాళ్ళకు 97 నిమిషాలు. ఇదేదో మా మేనల్లుడు కంప్యూటరులో పుట్టించిన జట్టు కాదు. ఇంటింటా నిజంగా ఆడుతున్న ఆట.

వాడికి ఈ అంకెలు చూపించాను. కాసేపు గళ్ళ వంక చూసి, ఏమీ అనకుండా కాఫీ గ్లాసు తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. ఒక్క నిమిషం ఆట! అయినా సున్నాల వరసలో ఒక గడి నిండినట్టే.

తేడా 202 నిమిషాలు. రోజూ ఆ 202 నిమిషాలు ఎక్కువ ఆడేవాళ్ళకు ఏం బిరుదు పెట్టాలా అని వారంరోజులుగా ఆలోచిస్తున్నాను. ‘గృహలక్ష్మి’ అనకండి. అది పెద్ద బిరుదు, శాలువతో పాటు పెట్టెలో పెట్టేస్తారు. అరుగు మీద పదిమందీ నవ్వుతూ పలికేది, మనవల కాలం దాకా వదలనిది కావాలి. మీలో ఎవరికైనా తోస్తే పలక మీద రాసిపెట్టండి. తడిగుడ్డ మాత్రం దగ్గర్లో ఉంచకండి.