కాక్సిడీనియా

వెన్నెముక చిట్టచివరి ఎముక కాక్సిక్స్. వాడుకలో ముడ్డిపూస, పాఠ్యపుస్తకాల్లో అనుత్రికం. గ్రీకులో ‘కోక్కిక్స్’ అంటే కోకిల జాతి పక్షి. ఈ ఎముక దాని ముక్కులా వంగి ఉండటం వల్ల ఆ పేరు. ‘ఒడునే’ అంటే నొప్పి. రెండూ కలిసిన ‘కాక్సిడీనియా’ అనే పదాన్ని 1859లో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ సింప్సన్ వాడుకలోకి తెచ్చాడు.

జారిపడటం, కాన్పు, గంటల తరబడి కూర్చోవడం ఈ నొప్పికి ముఖ్య కారణాలు. ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదుల్లో పనిచేసేవారు, ఫైట్లలో కిందపడే స్టంట్ కళాకారులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కుర్చీలోంచి లేచే క్షణంలో పొడిచినట్టు నొప్పి రావడం దీని గుర్తు. మూడు నెలలు దాటితే దీర్ఘకాలికం. కూర్చుని, నిలబడి తీసిన ఎక్స్‌రేలను వైద్యులు పోల్చి చూస్తారు. చికిత్సగా వెనుక కోత ఉన్న దిండు, ఫిజియోథెరపీ, ఆపై ఇంజెక్షన్. ఎముక తొలగించే శస్త్రచికిత్స చివరి మార్గం. నొప్పి ఉన్న చోటు చెప్పడానికి సిగ్గుపడితే చికిత్సే ఆలస్యమవుతుంది.