సున్నపురాతి సీమలో సబ్బు చరిత్ర

కర్నూలు, కడప ప్రాంతాల్లో అనేక బావుల నీటితో సబ్బు రుద్దితే నురుగు ఒక పట్టాన రాదు. బకెట్టు అంచున తెల్లని తెట్టు మాత్రం వెంటనే కడుతుంది. ఈ లోపం సబ్బుది కాదు, నేలది. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కరిగిస్తుంది. బెలుంలో 3,229 మీటర్ల పొడవున గుహలను తొలిచింది అటువంటి నీరే. అందులోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. ఆ మేరకు సబ్బు వృథా అవుతుంది.

ఉర్దూ, అరబీ భాషల్లో సబ్బును ‘సాబూన్’ అంటారు. నూనెను క్షారంతో ఉడికిస్తే సబ్బు తయారవుతుంది. ఆ క్షారానికి శాస్త్రజ్ఞులు వాడే ‘ఆల్కలీ’ అనే పేరు, ఉప్పునేలల్లో పెరిగే మొక్కల బూడిదను తెలిపే ‘అల్‌ఖలీ’ అనే అరబీ మాట నుండి వచ్చింది. హలబ్ (అలెప్పో), నాబ్లస్ నగరాలు ఆలివ్ నూనె సబ్బుకు శతాబ్దాలుగా ప్రసిద్ధి. 1791లో ఫ్రాన్సు దేశీయుడైన లెబ్లాన్ ఉప్పు నుండి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. తర్వాత సబ్బు కర్మాగారపు సరుకైంది. 1888లో సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది.

అంతకు ఎంతో ముందే రాయలసీమ రజకులు బట్టలను చౌడునీటిలో నానబెట్టి ఉబ్బకు వేసేవారు. చౌడులోని సోడా నీటిలోని కాల్షియాన్ని పేరుకొని అడుగంటేలా చేస్తుంది, జిడ్డును వదిలిస్తుంది. ఆ పదార్థానికి నేటికీ ‘చాకలి సోడా’ అనే పేరు నిలిచి ఉంది. ఇక కుంకుడుకాయలోని సాపోనిన్ సబ్బువలె సున్నపునీటిలో తెట్టు కట్టదు. రేగాకులోనూ సాపోనిన్లు ఉన్నాయి. మృతదేహానికి గుస్ల్ చేయించేటప్పుడు నీటిలో ‘సిద్ర్’ ఆకు కలపమని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసులో ఉంది. సిద్ర్ రేగు జాతి చెట్టే. ముస్లిముల ఇళ్లలో ఆ సమయాన రేగాకు వేసి నీరు కాచడం ఈ బోధననుసరించే.

1959లో సర్ఫ్, 1969లో నిర్మా వంటి డిటర్జెంటు పొడులు భారతదేశపు విపణిలోకి వచ్చాయి. ఇవి సున్నపునీటిలోనూ నురుగునిస్తాయి. వీటిలో సోడా కూడా కలుపుతారు. అంటే కుంకుడు, చౌడు చేసిన పనులనే ఇవి ఒకే పొట్లంలో చేస్తున్నాయి. కనుక చౌడుతో ఉతికినవారిని శాస్త్రమెరుగని వారిగా చూడటం న్యాయం కాదు. తమ బావుల నీటి గుణాన్ని వారు చేతిపనితోనే గ్రహించారు.